మబ్బుల ఫ్లెక్సీలో నా ఫొటో

గోడల మీద రాతలు రాయించుకున్న రోజుల్లో నా దుకాణానికి ఏ హానీ జరగలేదు. ఫ్లెక్సీలు కట్టించుకున్నాకే అది పోయింది. ఎవరడిగినా ఇదే చెప్తాను. నీళ్లు లోతుకు పోవడం వల్లనో, కొత్త రకం మోటార్లు రావడం వల్లనో, నా నోరు మంచిది కాకపోవడం వల్లనో పోయిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరు ఎక్కడ నిలబడి ఆ మాట అన్నారో నాకు గుర్తుంది. ఇప్పుడు భూపాలపల్లిలో వేరొకరి దుకాణంలో కూర్చుని రాగితీగ చుడుతూ కూడా ఆ మాటలన్నీ వరుసగా తలచుకుంటూ ఉంటాను.

మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. అక్కడ రైలుగేటు దాటాక ఎడమచేతి సందులో నా దుకాణం ఉండేది. పొలాల్లో నీళ్లు తోడే మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ని. కరెంటు సరిగ్గా రాకపోతే మోటరు లోపలి రాగి చుట్లు కాలిపోతాయి. ఆ కాలినదంతా పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇవ్వాలి. ఈ పని ఎక్కువగా యాసంగి పంటప్పుడు వస్తుంది. ఆ ఎండాకాలం సంపాదనే ఏడాదంతా ఇల్లు నడుపుతుంది. వరి పొట్ట మీదున్నప్పుడు మోటరు కాలితే రైతుకు కాలు నిలవదు. అప్పుడతను కొత్త మేస్త్రిని వెతుక్కోడు, తనకు తెలిసిన మేస్త్రి దగ్గరికే ఉరుకుతాడు. అట్లా ఉరికి వచ్చేవాళ్లే నా దుకాణం. ఇటు పెద్దవంగర నుంచి అటు కొత్తగూడ అడవిలోని తండాల దాకా ఉండేవాళ్లు. నేను సందులో ఉంటాను కాబట్టి రోడ్డు మీద పోయేవాడికి కనపడను. ఊళ్లలో నా రాత కనపడాలి.

దానికో పద్ధతి ఉండేది. రోడ్డువైపు మంచి గోడ ఉన్న ఇంటికి పోయి, గోడ మొత్తానికి సున్నం వేయిస్తానని అడిగేవాణ్ని. నడుమ నా రాతకు జాగా ఇవ్వాలి, అంతే. కిరాయి లేదు, కాగితం లేదు. బతుకమ్మ పండుగ ముందు గోడలు తెల్లగా అవుతాయని ఆ ఇంటి ఆడవాళ్లే ఒప్పుకునేవాళ్లు. సున్నం బస్తా, నీలం రంగు డబ్బా పట్టుకుని నేనూ పెయింటరూ పొద్దున్నే బస్సెక్కేవాళ్లం. ‘మోటార్ వైండింగ్ చేయబడును’ అని పెద్ద అక్షరాలు, కింద ఊరు, సందు, ఫోన్ నంబరు. ఫొటో లేదు, పూలు లేవు. వానలు తగిలితే నీలం వెలిసేది గానీ అక్షరం పోయేది కాదు. కొన్ని ఇళ్లలో మజ్జిగ ఇచ్చారు, ఒక ఇంట్లో అన్నం కూడా పెట్టారు. ఆ ఇళ్లు నాకు గుర్తున్నాయి. నాకు మంచి చేసినవాళ్లను మరచిపోయి చెడు చేసినవాళ్లనే గుర్తు పెట్టుకుంటానని మా ఇంట్లో అంటారు. అది నిజం కాదు. మంచి చేసినవాళ్లు తక్కువ కాబట్టి వాళ్ల సంగతి తొందరగా అయిపోతుంది.

ఆ పద్ధతి మొదట చెడింది పెద్దవంగరలో. అక్కడ రోడ్డు పక్కనే ఒక భూస్వామి ఇంటి ప్రహరీ ఉంది. బస్సులో కూర్చున్నవాళ్లందరికీ కనపడే గోడ. దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నం వేయించి నా రాత రాయించాను. ఎన్నికలొచ్చాయి. ఒకరోజు బస్సులో పోతూ చూస్తే నా నీలం అక్షరాల మీద ఎవరికో ఓటు వేయమన్న రాత ఉంది. దిగిపోయి ఆయన్ని అడిగాను.

“పటేలా, నా రాత మీద వాళ్ల రాత ఎట్ల రాయనిచ్చిర్రు?”

ఆయన అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. వేపపుల్ల తీయకుండానే, “గోడ నాది, సున్నం నీది. నీ సున్నం గీక్కొని తీస్కపో,” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకడి మోటరు అంతకుముందు వారమే నేను చేసి ఇచ్చాను. వాడే అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

తరువాత గోడలే దొరకడం మానేశాయి. కొత్త ఇళ్లకు సున్నం అక్కర్లేని రంగులు వచ్చాయి, ప్రహరీలకు టైల్స్ వచ్చాయి. మా పెయింటరు హైదరాబాద్ పోయి అపార్టుమెంట్లకు రంగులు వేసే పనిలో చేరాడు. మూలమూలకూ ఫ్లెక్సీలు లేచాయి.

ఫ్లెక్సీలతో పాటు మా వైపు జనానికి ఒక కొత్త చదువు వచ్చింది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆటోలో పోతూ పోతూ ఫ్లెక్సీ దేనికోసమో చెప్పేస్తుంది. మంటల రంగు మీద ఒక పెద్ద తలకాయ, చుట్టూ చిన్న తలకాయలు ఉంటే లీడరు పుట్టినరోజు. రిబ్బనూ కత్తెరా ఉంటే కొత్త దుకాణం. నీలం ఆకాశం, తెల్ల మబ్బులు, రెండు పక్కలా దీపాలు, నడుమ గుండ్రంలో ఒక్కడే మనిషి ఉంటే ఆ మనిషి చనిపోయాడు. ఎవరూ కింద రాసింది చదవరు. చదవాల్సిన పని ఉండదు. ఇంకొకటి, లీడర్ల ఫ్లెక్సీలను విప్పి వడ్ల కుప్పల మీద కప్పుకుంటారు గానీ, చావు ఫ్లెక్సీని మాత్రం ఎవరూ ముట్టరు. దాన్ని గాలే చింపాలి.

మా అక్క కొడుకు జనగామలో ఫ్లెక్సీలు అచ్చు వేస్తాడు. ఒకసారి అక్కను చూడటానికి పోయినప్పుడు వాడే మొదలుపెట్టాడు.

“మామా, గోడలు ఎవరు సూస్తున్రు ఇప్పుడు? బండ్లమీద గీరగీర పోయేటోళ్లు. ఫ్లెక్సీ ఉండాలె. ఫ్లెక్సీల ఫొటో ఉండాలె.”

“ఫొటో అంటే, మోటరు ఫొటో పెట్టు.”

“మోటర్లు అందరియి ఒక్కతీర్గనే ఉంటయి మామా. మొఖం అయితే నీది నీకే ఉంటది.”

“నా మొఖం ఎవరు సూస్తర్రా?”

“నీ రైతులు సూడరా? పైసలేం అడుగుత లేనయ్యా. నా మామకు నేను గింత చెయ్యనా?”

పక్కనున్న అక్క మురిసిపోయింది. ఏదో పెళ్లిలో తీసిన ఫొటో ఒకటి ఇచ్చాను. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, కెమెరా వైపు కదలకుండా చూపు. యాసంగి మొదలయ్యే రోజులవి. ఎవరో లీడరు ఫ్లెక్సీలు కట్టడానికి వాడి బండి కొత్తగూడ దాకా పోతోంది, దాంట్లోనే నావీ వేసి దారి పొడుగునా కట్టిస్తానన్నాడు. నేను రానక్కర్లేదన్నాడు. నాది బటన్ల ఫోను, ఫొటో పంపినా కనపడదు. పని అయ్యాక వాడే ఫోన్ చేశాడు.

“కట్టిచ్చిన మామా. పెద్దవంగర కమాను కాడ ఒకటి, కొత్తగూడ మూలమలుపు కాడ ఒకటి, నడుమ ఊర్లల్ల ఇంకొన్ని. రంగు సల్లగుంది, సూస్తే కండ్లకు హాయిగుంటది.”

“అక్షరాలు పెద్దగున్నయా?”

“నీ ఫొటోనే పెద్దగుంది. ఎవలైనా గుర్తువడ్తరు.”

అందరూ గుర్తుపట్టారు.

ఆ ఏడు యాసంగిలో నా దుకాణానికి ఒక్క కొత్త మోటరు రాలేదు. మొదట కరెంటు బాగా వస్తోందేమో అనుకున్నాను. లైన్‌మన్‌ను అడిగితే, “ఎక్కడిది మేస్త్రి, రోజు ఎక్కడో ఒక్కకాడ మోటర్లు కాల్తనే ఉన్నయి,” అన్నాడు. పాత పనులు ముగించి ఖాళీగా కూర్చున్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని మాటిమాటికీ చూసేవాణ్ని, ఛార్జింగు ఉందా, సిగ్నలు ఉందా అని. నా భార్య ఫోన్‌తో నా నంబరుకు చేసి చూసేవాణ్ని. మోగేది.

అదే రోజుల్లో నా భార్య పెద్దవంగర వైపు ఒక పెళ్లికి తెల్లారకముందే ఒక్కతే పోయి చీకటిపడ్డాక వచ్చింది. వచ్చి చెప్పులు విడిచి, చీర కూడా మార్చకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమైందని అడిగాను. కుంకుమ పళ్లెం పట్టుకుని వరుసగా బొట్టు పెట్టుకుంటూ వచ్చినామె, ఈమె దగ్గర ఆగి మొఖంలోకి ఒకసారి చూసి, పక్కనున్నామెకు పెట్టి ముందుకు పోయిందట. ఈమె నుదుట బొట్టుంది, మెడలో పుస్తెలున్నాయి. అయినా దాటిపోయింది. అక్షింతలు కూడా ఎవరో వెనక నుంచి అందించారట.

పెళ్లివాళ్లకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు మాట్లాడాను. వాళ్లు కూడా ఏదో చెప్పబోయారు, వినలేదు, పెట్టేశాను. ఆ ఇంటితో మాటలు ఆగిపోయాయి.

తరువాత కొన్నాళ్లకు, ఒక పొద్దుటిపూట, ఒక పాత మోటరు బేరింగు తుడుస్తూ వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాను. వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

“బిడ్డా, దుకాణం ఇప్పుడు ఎవలు నడుపుతున్రు?”

“ఎవలు నడుపుతరు, నేనే,” అన్నాను తిరగకుండా.

తిరిగి చూశాను. పెద్దవంగర దగ్గరి ఊరి రైతు, నా దగ్గర చాలాకాలంగా మోటరు చేయించుకునే ముసలాయన. షట్టరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో సంచి ఉంది. మొఖం పాలిపోయింది.

“నువ్వేనా?”

“నేనే. ఏమైంది తాతా, మోటరు కాలిందా?”

“మోటరు గాదు... నువ్వు సచ్చిపోయినవన్నరు గదా.”

“ఎవలన్నరు?”

“ఒకలు అనుడేంది? మా కమాను కాడ నీ ఫ్లెక్సీ కట్టిర్రు. మబ్బులు, దీపాలు. మా మనుమడు బండి ఆపితె ఇద్దరం దండం గుడ పెట్టినం. పెద్దకర్మకు రాలేకపోతిని, ఇయ్యాల నీ భార్యను పలకరిచ్చి పోదామని వచ్చిన.”

“కింద మోటార్ వైండింగ్ అని లేదా? నా నంబరు లేదా?”

“ఉండె. బతికున్నప్పుడు నువ్వు చేసిన పని రాసిర్రనుకున్నం. మంచి పనిమంతుడని మీ వాళ్లు గొప్పగ చెప్పుకున్నరనుకున్నం.”

“ఒక్కలన్న ఫోన్ చెయ్యకపోతిరి?”

ఆయన నా వైపు నిజంగా అర్థం కానట్టు చూశాడు. “సచ్చినోనికి ఫోనెట్ల చేస్తరు బిడ్డా?”

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆయన ఒక్కో గుటకకూ నన్ను చూస్తున్నాడు. మా ఊళ్లో అందరూ ఇప్పుడు వేరే మేస్త్రి దగ్గర చేయించుకుంటున్నారని, అతని ఆటో పొలం దగ్గరికే వస్తుందని, ఫోన్ చేస్తే చాలని చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. పోతూ పోతూ, “ఏం బాధపడకు. గిట్ల కబురొస్తె ఆయుష్షు పెరుగుతదంటరు,” అన్నాడు. ఆ తరువాత ఎంతోమంది ఆ మాట అన్నారు. ఆయుష్షు పెరిగి ఏం చేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు.

సంచిలో కందిపప్పు ఉంది. చావు ఇంటికి తెచ్చింది వెనక్కి తీసుకుపోకూడదని వదిలేసి పోయాడు. ఇంటికి తీసుకుపోయి నా భార్యకు జరిగింది చెప్పాను. ఆమె “అందుకేనా,” అన్నది. అంతే. కుంకుమ పళ్లెం ఎందుకు దాటిపోయిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఈ కాలంలో మొగుడు పోయినా కొందరు బొట్టూ పుస్తెలూ తీయడం లేదు కదా, ఈమెనూ అట్లాగే అనుకున్నారన్నమాట. ఆ పప్పును ఆమె వండలేదు. పక్కింటివాళ్లకు ఇచ్చేసింది.

మరునాడు పోయి పెద్దవంగర కమాను దగ్గర నన్ను నేను చూసుకున్నాను. ఆ ముసలాయనను తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనే బస్సులో పోతూ చూసి ఉంటే, అయ్యో పాపం అనుకునేవాణ్ని. తెల్ల మబ్బుల నడుమ తెల్ల చొక్కా. రెండు పక్కలా దీపాలు. ఫొటో చుట్టూ పూల చుట్టు. ‘మోటార్ వైండింగ్’ అనేది నా రొమ్ము కింద సన్నగా ఉంది. కొడవలి తీసుకునే పోయాను కాబట్టి తాళ్లు కోసి చుట్టేశాను. అక్కడెవరూ అడ్డు రాలేదు. అటువైపు పోయే జీపెక్కి, దారిలో ఉన్నవన్నీ కోసుకుంటూ కొత్తగూడ మూలమలుపు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం దాటింది.

అక్కడ ఫ్లెక్సీకి బంతిపూల దండ వేసి ఉంది. ఎండి నల్లబడింది. రాయి మీదెక్కి మొదటి తాడు మీద కొడవలి పెట్టానో లేదో, ఎదురుగా చాయ్ దుకాణం నుంచి ఒకామె అరిచింది.

“ఏయ్ పెద్దమనిషి! నీకేం పోయేకాలం వచ్చింది? సచ్చినోని ఫొటోకు కొడవలి పెడ్తవా?”

“ఇది నా ఫొటోనే.”

“నీదైతే నీ ఇంట్ల పెట్టుకో, ముందు దిగు...” అంటూ రోడ్డు దాటి వచ్చి నన్నూ, పైనున్న నన్నూ చూసింది. “అయ్యో, అదే మొఖం! తమ్మునివా?”

“నాకు తమ్ముళ్లు లేరు. నేనే.”

బల్ల మీద కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు. సంగతి చెప్పాను. ఒకడు నవ్వాపుకోలేక, “అక్కా, దయ్యానికి ఒక చాయ్ పొయ్యి,” అన్నాడు. ఇంకొకడు, “కాళ్లు సూడుర్రి ముందు, ఎనక్కున్నయా?” అన్నాడు. అందరూ నా చెప్పుల వైపు చూశారు. నేను చాయ్ తాగలేదు. ఆ ఇద్దరి మొఖాలు మాత్రం ఇప్పటికీ ఎక్కడ కనపడినా గుర్తుపడతాను.

ఆమె మాత్రం నవ్వలేదు. “ఆ దండ మేం ఏసింది గాదు. లోపలి తండా వాళ్లు ఏసిర్రు. ఒకామె ఫొటో కింద కూసోని ఏడ్చింది,” అన్నది.

ఎవరో నాకు తెలుసు. ఆ తండాలో భార్యాభర్తలిద్దరు ఉన్నారు. వాగు పక్కన కొంచెం భూమి. ఒక యాసంగిలో మోటరు కాలితే ఎడ్లబండి మీద వేసుకుని సడకు దాకా వచ్చారు. రాత్రి తిరిగిపోవడానికి బండి లేకపోతే నా దుకాణంలోనే పడుకున్నారు. అప్పటి నుంచి వాళ్లు వేరే గడప తొక్కలేదు. బతిమాలి రప్పించుకోవాల్సిన మనుషులు కాదు, నన్ను చూస్తే చాలు మళ్లీ వస్తారనుకున్నాను. ఎండలో నడుచుకుంటూ తండాకు పోయాను.

ఆమె నన్ను చూసి చేతిలో చాట కింద పెట్టేసింది. వాళ్ల భాషలో ఏదో గట్టిగా అరిచింది. భర్త పరుగున వచ్చాడు. ఇద్దరూ నా చేతులు పట్టుకుని చూశారు. ఆమె నా భుజం మీద తట్టి తట్టి చూసింది. మంచం వాల్చారు, రొట్టె పెట్టారు. అన్ని రోజుల్లో నేను బతికి ఉన్నందుకు సంతోషపడ్డవాళ్లు ఆ ఇద్దరే. అది కూడా చెప్పాలి.

తిన్నాక అతనితో పాటు పొలానికి పోయాను. వరి పొట్ట మీదుంది. మోటరు నడుస్తోంది, నీళ్లు ధారగా పడుతున్నాయి. గట్టున పాతిన రాతికడీకి బిగించిన స్టార్టర్ డబ్బా మీద ఎర్రరంగుతో నా నంబరు నేనే రాసిపెట్టాను. దాని మీద ఇప్పుడు తళతళలాడే స్టిక్కరు ఉంది. వేరే మేస్త్రిది. నా అంకెల్లో చివరిది ఒకటి మాత్రం అంచు బయటికి కనపడుతోంది.

“మోటరు కాలిందా?” అన్నాను.

“కాలె అన్నా.”

“ఆయన చేసిండా?”

అతను గట్టు మీది గడ్డి పీకాడు. “ఏం జేస్తం అన్నా. పంట ఎండుతుండె. నువ్వు లేకపోతివి.”

“ఉంటిని.”

“మాకెట్ల తెల్సు? ఆయన ఆటో తెచ్చి గీడనే ఇప్పుకపోయిండు, మల్ల తెచ్చి గీడనే బిగిచ్చిండు. మంచిగనే నడుస్తుంది.”

“ఇప్పుడు తెల్సింది గదా. మల్ల కాలితే నా దగ్గరికి తెస్తవా?”

అతను తల పైకెత్తలేదు. “తెస్తం అన్నా. నీ దగ్గరికి గాక ఏడికి తెస్తం?” అన్నాడు. ఆ మాటకు ముందు కొంచెం ఆగాడు. ఆ ఆగడం నాకు వినపడింది.

చుట్టిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని మరో రోజు జనగామ పోయాను. మేనల్లుడి దుకాణంలో యంత్రం చప్పుడు, రంగుల ఘాటు వాసన. పని చేసేవాళ్ల ముందే దాన్ని నేల మీద పరిచాను.

“గీ దీపాలేంది?”

“దీపం శుభమే గదా మామా.”

“మబ్బులు?”

“తెల్లంగి, తెల్ల మబ్బులు కలుస్తయని... దినాలకు చేసిన డిజైన్ ఒకటి రెడీగుండె. ఏడ్చేటోళ్ల పేర్లన్ని తీసేసిన గదా. పుక్కట్ల చేసేదానికి కొత్త డిజైన్ ఏడ గీయిస్త మామా?”

ఇన్ని మాటల్లో నిజం అదొక్కటే. ఊరంతటికీ ఏ రంగు ఏమిటో తెలిసింది వాడి లాంటివాళ్ల వల్లే. వాడికి తెలియక చేసింది కాదు, నా పనికి అది చాలనుకున్నాడు. నేను అదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. లోపలి నుంచి అక్క వచ్చింది.

“తమ్మీ, నా కొడుకు ఉత్తగ చేసి పెడితె గిన్ని మాటలా? నీకు ఎవ్వల మంచి కండ్లకు ఆనది. చిన్నప్పటి సంది గంతే.”

“ఇంకోటి కొడ్త మామా,” అన్నాడు వాడు. “‘మన మేస్త్రి బతికే ఉన్నడు’ అని గింత పెద్దగ.”

పనివాళ్లు మొఖాలు తిప్పుకుని నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఫ్లెక్సీని అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ తరువాత జనగామ బస్టాండులో దిగాల్సి వచ్చినా వాడి వీధి వైపు తిరగలేదు.

మళ్లీ గోడల దగ్గరికి పోయాను. వానాకాలం అయ్యాక, సున్నం బస్తా నేనే మోసుకుని, రాత కూడా నేనే రాద్దామని. అక్షరాలు వంకరగా వచ్చినా చావు ఫ్లెక్సీలా అయితే ఉండవు. టైల్స్ లేని గోడ ఒకటి దొరికింది. అంతకుముందు నాకు అన్నం పెట్టిన ఇల్లే. ఆ ఇల్లాలు వాకిట్లోనే నిలబడి చాలా మర్యాదగా చెప్పింది.

“అన్నా, ఏమనుకోకు. ఇంట్ల పిల్లకు సంబంధాలు సూస్తున్నం. నీ మీద ఒకపారి చావు కబురు పడ్డది. నీ పేరు మా గోడ మీద వద్దు. నువ్వు బతికున్నవని మాకు తెల్సు గాని, సూసేటోళ్లకు తెల్వదు గదా.”

మజ్జిగ ఇచ్చింది. తాగాను. ఇంకో రెండు ఊళ్లలో మజ్జిగ లేకుండానే అదే మాట చెప్పారు. మిగిలిన సున్నం దుకాణం వెనక వానకు గడ్డకట్టింది.

భూపాలపల్లిలో ఉన్న మా బావమరిది అప్పటికే పిలుస్తున్నాడు. ఇక్కడ బొగ్గుగనులవాళ్ల క్వార్టర్లలో కూలర్లు, మిక్సీలు ఉంటాయి, మహదేవపూర్ వైపు నుంచి పొలాల మోటార్లు వస్తాయి, తనకు తెలిసిన దుకాణంలో పని చేసేవాళ్లు కావాలి అని. మరొకడి కింద పని చేయనని చెప్పాను. ఇంకో యాసంగి చూస్తానన్నాను. పోయినవాళ్లలో సగం మంది వచ్చినా దుకాణం నిలబడుతుందని నా భార్యతో చెప్పాను. తండావాళ్లు వస్తే చాలు, వాళ్లను చూసి మిగిలినవాళ్లు వస్తారని చెప్పాను.

యాసంగి వచ్చింది. ఒకనాడు పొద్దెక్కాక రైలుగేటు దగ్గర నిలబడి ఉన్నాను. గేటు వేసి ఉంది, గూడ్సు బండి పోతోంది. ఆగిన బండ్ల వరుసలో ఒక ట్రాలీ ఆటో ఉంది. అందులో నా తండా రైతు కూర్చుని ఉన్నాడు. అతను నన్ను ముందే చూశాడు. పక్కనున్న గోనెసంచి లాగి కాళ్ల దగ్గరున్నదాని మీద కప్పాడు. సంచి చాలలేదు. మోటరు అంచు బయటికి కనపడుతూనే ఉంది. కాలిన వార్నిష్ వాసన కూడా వస్తోంది. దాన్ని ఏ సంచీ కప్పలేదు.

“అన్నా, మంచిగున్నవా?” అన్నాడు.

“మంచిగున్న. పంటెట్లుంది?”

“పొట్ట మీదుంది.”

“ఇంట్ల మంచిగున్నరా?”

“మంచిగున్నరు. నిన్ను యాది చేస్తరు.”

మోటరు గురించి అతను మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. గూడ్సు బండి చాలా పొడుగుంది. ఇద్దరం పెట్టెల వైపు చూస్తూ నిలబడ్డాం. గేటు లేచింది. ఆటో ముందుకు పోయి, నా సందు దగ్గర కొంచెం కూడా నిదానించకుండా, నేరుగా పోయింది. అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

దుకాణానికి వచ్చి కూర్చున్నాను. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. నా దుకాణంలో పడుకున్న మనిషి, నా ఫొటోకు దండ వేసిన ఇల్లు, నా మొఖం మీదే తెస్తామని చెప్పిన నోరు. ఇంతకంటే చిన్న వాటికి నేను మనుషులతో ఏళ్లకేళ్లు మాట్లాడకుండా ఉన్నాను. ఎంతసేపు కూర్చున్నా కోపం రాలేదు. అతను ఆ సంచిని లాగి కప్పిన తీరే కనపడింది, ఆ తొందర. ఒక్క మనిషికి కూడా నా మీద విరోధం లేదు, ఒక్కరికీ నాతో పని లేదు.

సాయంత్రం బావమరిదికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. షట్టరు పైనున్న బోర్డు విప్పడానికి నిచ్చెన కావాలి. అడిగితే పక్క దుకాణమతను ఇచ్చేవాడే. అడగలేదు. బోర్డును అక్కడే వదిలేసి, తీగ చుట్టే చక్రాన్నీ నా పనిముట్లనూ సంచిలో వేసుకుని, తాళంచెవి దుకాణం గది యజమానికి ఇచ్చేశాను.